‘కుట్టు’తో వచ్చిన చిక్కు

కావలి నుంచి:
మా ఇంటర్ పిల్లలకు రోగనిరోధక పాఠం తెలుగులో రాస్తూ ‘స్టింగ్’ అనే ఒక మాట దగ్గర ఆగిపోయాను.

డీఎన్‌ఏ ఉండవలసిన చోటు కేంద్రకం, కొద్దిగా మైటోకాండ్రియా. కేంద్రకం చుట్టూ ఉండే కణద్రవ్యంలో కనబడిందంటే వైరస్ చొరబడి ఉండాలి, లేదా సొంత డీఎన్‌ఏయే తెగి బయటికి జారి ఉండాలి. అక్కడ కాపు కాసే సీగ్యాస్ అనే ఎంజైము అది ఎవరి డీఎన్‌ఏ అని చదవదు. రెండు పోగులు పెనవేసుకుని ఉంటే చాలు, పట్టుకుని ఒక చిన్న అణువును తయారుచేస్తుంది. ఆ అణువు స్టింగ్ అనే ప్రోటీనును తట్టి లేపుతుంది. దాంతో ఇంటర్‌ఫెరాన్ వెలువడి పక్క కణాలకు హెచ్చరిక చేరుతుంది. స్టింగ్ అనేది 2008లో పొడి అక్షరాలతో కూర్చిన పేరు. మామూలు ఇంగ్లీషులో ఆ మాటకు ‘కుట్టు’ అని అర్థం.

మనకు తేలు కుట్టడమూ కుట్టడమే, బట్ట కుట్టడమూ కుట్టడమే. తెగిన డీఎన్‌ఏను కణం కేంద్రకంలోనే కుట్టుకుంటే సరేసరి. ఆ కుట్టు పడకపోతే ఈ కుట్టు! ఈ శ్లేష పాఠంలో పెట్టవచ్చా?

నెల్లూరు నుంచి:
మాస్టారూ, ఈ శ్లేష తమిళనాడు సరిహద్దులోని తడ దాటితే చెల్లదు. తమిళంలో తేలుకు ‘కొట్టు’, బట్టకు ‘తై’. మనకు రెండింటికీ ఒకటే మాట. సూదైనా కొండి అయినా మొన గుచ్చుకోవడమే కదా! చెవులు కుట్టించడమూ అంతే.

ఒంగోలు నుంచి:
పశువైద్యురాలిని. పశువులకు వచ్చే ముద్దచర్మ వ్యాధి వైరస్‌ది మశూచి కుటుంబం. డీఎన్‌ఏ వైరసే అయినా కేంద్రకం జోలికి పోకుండా కణద్రవ్యంలోనే పిల్లలు పెడుతుంది. ‘చోటు తప్పిన డీఎన్‌ఏ’కు ఈ ఉదాహరణ ఇవ్వండి, ఆవులున్న ఇళ్ల పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది.

మరొకరు:
పొడి అక్షరాల పేరును అనువదించడం నాకు నచ్చదు. పైగా తేలు కుట్టిన దొంగ నోరు మెదపడు. మీ కణం ఊరంతా లేపుతోంది!

కావలి నుంచి:
దొంగ సామెత బాగుంది, తిరగేసి వాడుకుంటాను. పేరు స్టింగ్ అనే ఉంచుతున్నాను, శ్లేష పాఠం పక్కన చిన్న పెట్టెలోకి పోతుంది. ఇంకొక మాట కావాలి. మిగులు డీఎన్‌ఏను తుడిచిపెట్టే ట్రెక్స్1 అనే ఎంజైము లోపిస్తే సొంత డీఎన్‌ఏకే ఈ అలారం మోగుతూ ఉంటుంది. పసిపిల్లల మెదడును దెబ్బతీసే ఒక అరుదైన జబ్బుకు అదొక కారణం. శత్రువు లేకుండానే ఆగక మోగే ఆ స్థితిని ఏమనాలి? ‘ఉత్తుత్తి’ అనలేను, జబ్బు నిజమే కదా.