షుగర్ ఉన్నవాళ్ళం బరువు నిదానంగా తగ్గితే చాలా, పట్టుబట్టి త్వరగా తగ్గాలా?

లక్ష్మీపురం టీచర్ (గుంటూరు)

నాకు 44 ఏళ్ళు. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. షుగర్ బయటపడి రెండేళ్ళు దాటింది. పొద్దున మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమిపిరైడ్, రాత్రికి మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకుంటాను. సంక్రాంతి వెళ్ళాక జనవరి 20న కాటా ఎక్కితే 76.4 కిలోలు. ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. ఆ రోజు నుంచి ఒక నోటుబుక్కు పెట్టుకుని రోజూ పొద్దున బరువు, వారానికి మూడుసార్లు పరగడుపు షుగరు, రెండుసార్లు తిన్న రెండు గంటలకి షుగరు రాస్తున్నాను. నెలకోసారి టేపుతో నడుము కొలత కూడా. నిన్నటికి బరువు 71.2. అంటే ఎనిమిది నెలల్లో 5.2 కిలోలు తగ్గాను. హెచ్‌బిఎ1సి (గత రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష) 8.1 నుంచి 6.9కి దిగింది.

మొన్నటి దాకా నాకు సంతోషంగానే ఉంది. ఈలోగా మా స్టాఫ్‌రూములో ఒక మేడమ్ అన్నం పూర్తిగా మానేసి, రోజంతా సూపులూ మజ్జిగా తాగి, రెండున్నర నెలల్లో 11 కిలోలు తగ్గారు. ఇంట్లో మా వారు "ఇంత రాసి, ఇంత కొలిచి ఐదు కిలోలేనా?" అన్నారు. దెప్పిపొడవటానికి కాదు, నిజంగానే అర్థం కాక అడిగారు. పైగా ఆరు వారాలుగా అంకె 71 దగ్గరే ఆగిపోయింది. పొద్దున్నే కాటా దిగగానే మనసు పాడవుతోంది. ఆ చిరాకంతా పిల్లల టిఫిన్ బాక్సులు సర్దేటప్పుడు వాళ్ళ మీద చూపిస్తున్నాను. అది నాకు బాగా బాధగా ఉంది.

నెలకి 600, 700 గ్రాములు తగ్గితే చాలా? లేక అది నాకు నేను సర్దిచెప్పుకునే మాటేనా? రోజూ కాటా ఎక్కటం మానేయాలా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

పటమట వాకర్ (విజయవాడ)

అమ్మా, మీ క్రమశిక్షణకి ముందు నమస్కారం. అయినా నా అభిప్రాయం దాచుకోను. చాలదు.

షుగర్ కొత్తగా వచ్చిన మొదటి కొన్నేళ్ళు చాలా విలువైనవి. కాలేయంలో, క్లోమంలో పేరుకున్న కొవ్వు కరిగితే ఇన్సులిన్ తయారీ మళ్ళీ పుంజుకునే అవకాశం ఉంటుంది. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే అధ్యయనం చేశారు, మొదటి ఫలితాలు 2017లో వచ్చాయి. మూడు నుంచి ఐదు నెలల పాటు రోజుకి దాదాపు 850 క్యాలరీల ద్రవాహారం ఇచ్చి, తర్వాత మెల్లగా మామూలు తిండి అలవాటు చేశారు. ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి మందులు లేకుండానే షుగరు డయాబెటిస్ స్థాయి కంటే కింద ఉంది. 15 కిలోలకి పైగా తగ్గినవాళ్ళలో అయితే 86 శాతం మందికి! మీకు రెండేళ్ళే అయింది కాబట్టి ఆ తలుపు ఇంకా తెరిచే ఉంది. నెలకి 650 గ్రాముల చొప్పున 15 కిలోలంటే దాదాపు రెండేళ్ళు పడుతుంది.

నాకు 52. నేను నాలుగు నెలల్లో 14 కిలోలు తగ్గాను. మూడేళ్ళుగా మాత్ర లేదు, హెచ్‌బిఎ1సి 6.1. పొద్దున ఐదింటికి బందరు కాలువ పక్కన గంట నడక. నిదానమే మంచిదని అందరూ అంటుంటే నాకు భయం వేస్తుంది. ఆ మాట వింటూ మా అన్నయ్య పన్నెండేళ్ళు గడిపి ఇన్సులిన్ దాకా వచ్చాడు.

బ్రాడీపేట నాలుగో లైను (గుంటూరు)

టీచరమ్మా, పైన అన్నయ్యగారు చెప్పింది చదివి రేపటి నుంచే అన్నం మానేయకండి. మీరు వేసుకునేది గ్లిమిపిరైడ్. ముందు నా సంగతి వినండి.

నేనూ అదే మాత్ర వేసుకునేదాన్ని. మా ఆడపడుచు పెళ్ళికి మూడు నెలల ముందు పట్టుబట్టి ద్రవాహారం మొదలుపెట్టాను. డాక్టరుగారికి చెప్పలేదు, మాత్ర మాత్రం మామూలుగానే వేసుకున్నాను. ఐదో రోజు మధ్యాహ్నం స్కూటీ మీద శంకర్ విలాస్ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే చేతులు వణికాయి, ఒళ్ళంతా చెమట. మే నెల కదా, ఎండ దెబ్బ అనుకున్నాను. కళ్ళు మసకబారితే బండి పక్కకి ఆపి కూలబడ్డాను. వెనక మా పాప కూర్చుని ఉంది. తనకి అప్పుడు తొమ్మిదేళ్ళు. నిమ్మసోడా బండి ఆయన పంచదార నీళ్ళు కలిపి ఇచ్చాడు. ఇంటికొచ్చి చూసుకుంటే, పంచదార తాగిన తర్వాత కూడా 64. అంతకు ముందు ఎంత ఉందో తలచుకుంటే ఇప్పటికీ గుండె జారిపోతుంది.

ఆ మాత్ర మనం తిన్నామా లేదా అని చూడదమ్మా, ఇన్సులిన్‌ని బయటికి నెడుతూనే ఉంటుంది. 70 కంటే కిందికి పోతే ప్రమాదం మొదలైనట్టే. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలుపుకుని తాగి, పావుగంట ఆగి మళ్ళీ చూసుకోవాలని ఆ తర్వాతే నేర్చుకున్నాను.

ఆ మూడు నెలల్లో 10 కిలోలు తగ్గాను, నిజమే. ఏడాదిలో 9 కిలోలు వెనక్కి వచ్చాయి. పెళ్ళి ఫోటోల్లో మాత్రం సన్నగా ఉన్నాను.

కృష్ణలంక (విజయవాడ)

ఇంత చర్చ ఎందుకండీ? ఇంటిల్లిపాదికీ బియ్యం ఆపేసి కొర్రలు, అరికెలు వండండి. బరువూ షుగరూ రెండూ వాటంతట అవే దిగుతాయి.

వన్‌టౌన్ కిరాణా (విజయవాడ)

కృష్ణలంక గారూ, కొర్రలు నేనే అమ్ముతాను, నేనే తింటాను. పీచు ఎక్కువ, మంచిదే. కానీ వాటిలోనూ సగానికి పైగా పిండి పదార్థమే. కొర్రన్నం కదా అని రెండు పళ్ళేలు తింటే తిన్న రెండు గంటలకి నాకు 240 వచ్చింది.

అసలు చెప్పాల్సింది వేరే ఉంది. రెండేళ్ళ కిందట నేను ఏమీ చేయకుండానే మూడు నెలల్లో 6 కిలోలు తగ్గాను. పొద్దున ఎనిమిదింటికి కొట్టు తీస్తే రాత్రి పదింటికి కట్టేసేవాణ్ణి, పదిన్నరకి భోజనం. అలాంటివాణ్ణి బరువు తగ్గుతుంటే కొట్టుకి వచ్చినవాళ్ళంతా "భలే తగ్గావు సేఠ్, రహస్యం ఏంటి?" అని అడిగేవాళ్ళు. నేనూ పొంగిపోయాను. పాత ప్యాంట్లు పట్టాయని మా ఆవిడకి చూపించాను కూడా. రాత్రి నాలుగైదుసార్లు లేవటం, నోరు ఎండిపోవటం వేసవి వల్లే అనుకున్నాను. చివరికి మా అబ్బాయి బలవంతంగా తీసుకెళ్ళి పరీక్ష చేయిస్తే షుగరు 340, హెచ్‌బిఎ1సి 11.2.

రక్తంలో షుగరు దాదాపు 180 దాటితే మూత్రంలోకి పోవటం మొదలవుతుందట. తిన్నది ఒంటికి పట్టక అలా పోతుంటే శరీరం తన కొవ్వునీ కండనీ తినేసుకుంటుంది. నేను సంతోషపడిన ఆ ఆరు కిలోలు అవి. మందులు మొదలయ్యాక రెండు కిలోలు పెరిగితే ఏడుపొచ్చింది. పోయిన కండ తిరిగి వస్తోంది, భయపడొద్దు అన్నారు డాక్టరుగారు.

అందుకే టీచర్ గారూ, మీ అంకెలు చూస్తే నాకు ఆనందంగా ఉంది. బరువూ షుగరూ రెండూ కలిసి దిగాయి. బరువు ఒక్కటే చూసుకుని నేను మోసపోయాను. ఆ నోటుబుక్కు మాత్రం మానకండి.

డైటీషియన్, కొత్తపేట (గుంటూరు)

పదకొండేళ్ళుగా షుగర్ ఉన్నవాళ్ళతోనే పని చేస్తున్నాను. పటమట గారు చెప్పిన అధ్యయనం నిజమే, అంకెలూ సరైనవే. కానీ అందులో చేరినవాళ్ళు షుగర్ వచ్చి ఆరేళ్ళ లోపువాళ్ళు, ఇన్సులిన్ వాడనివాళ్ళు. మొదటి రోజే షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు ఆపి, వైద్య బృందం పర్యవేక్షణలో నడిపించారు. రెండో ఏడాది చివరికి ఆ 46 శాతం 36 అయింది. అయినా గొప్ప ఫలితమే, కాదనను. బ్రాడీపేట అమ్మ చేసిందీ అదీ పైకి ఒకేలా కనిపిస్తాయి. మాత్రల దగ్గరే తేడా.

స్టాఫ్‌రూము 11 కిలోల గురించి ఒక మాట. కాలేయంలో, కండరాల్లో నిలవ ఉండే గ్లైకోజెన్ (శరీరం దాచుకునే చక్కెర) ఒక్కో గ్రాముకి మూడు గ్రాముల దాకా నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం మానేసిన మొదటి వారం, పది రోజుల్లో తగ్గేదాంట్లో ఎక్కువ భాగం ఆ నీరే. మళ్ళీ అన్నం మొదలుపెట్టగానే తిరిగి చేరుతుంది. మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్ళు వచ్చే అవకాశమూ పెరుగుతుంది.

రోజువారీ అంకె ఎందుకు ఊగుతుందో చెబుతాను. రాత్రి గోంగూర పచ్చడి, ఆవకాయ, వడియాలు తిని పడుకుంటే ఆ ఉప్పు నీటిని ఆపుతుంది. పొద్దునకి ముప్పావు కిలో, కిలో ఎక్కువ చూపిస్తుంది. ఆడవాళ్ళకి నెలసరి ముందూ అంతే. అది కొవ్వు కాదు. మీరు లెక్కల టీచరు, ఏడు రోజులవీ కూడి ఏడుతో భాగించండి. ఆ సగటుని పోయిన వారం సగటుతో పోల్చండి, ఏ రోజుకారోజు అంకెని పట్టించుకోవద్దు. అలా పట్టించుకోకుండా ఉండలేకపోతే వారానికి ఒక్కసారే, ఒకే రోజు, ఒకే వేళకి ఎక్కండి. రోజూ చూసుకుంటే దారి తప్పనివాళ్ళూ ఉన్నారు. 300 గ్రాములు పెరిగిందని ఆ రోజు టిఫిన్ మానేసి, మధ్యాహ్నానికి షుగరు పడిపోయి నా దగ్గరికి వచ్చినవాళ్ళూ ఉన్నారు. మీరు ఏ రకమో మీకే తెలియాలి.

మీరు తగ్గింది మొదటి బరువులో ఏడు శాతానికి దగ్గర. ఐదు శాతం తగ్గినా షుగరు, బీపీ మెరుగుపడతాయని మేము అందరికీ చెప్పే మాట. మీది సర్దిచెప్పుకోవటం కాదు. ఇంకా తగ్గాలి అన్నది కూడా నిజం. మన దేశంలో ఆడవాళ్ళకి నడుము 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు. మీ కొలత ఎంత వచ్చిందో రాయలేదు.

పటమట వాకర్ (విజయవాడ)

మాత్రల సంగతి ముందే చెప్పాల్సింది. బ్రాడీపేట చెల్లెమ్మా, పాపతో రోడ్డు మీద అలా జరిగిందంటే చదువుతుంటేనే భయం వేసింది. నాకు మాత్రలు ఆపింది డాక్టరే, వారానికోసారి చూసేవారు. ఆ ముక్క రాయకపోవటం నా పొరపాటు.

అయినా టీచరమ్మా, ఆరు వారాలు ఆగిపోవటం నిదానం కాదు కదా. నిదానంగా నడిచేవాడు నడుస్తూనే ఉంటాడు. ఆరు వారాల కిందట మీ ఇంట్లో ఏం మారింది?

లక్ష్మీపురం టీచర్ (గుంటూరు)

రాత్రి నోటుబుక్కు మొత్తం తిరగేశాను. పటమట అన్నయ్యా, మీరు అడగకపోతే చూసేదాన్ని కాదు.

శ్రావణమాసం. శుక్రవారం పేరంటాలు, వాయనం శనగలు, ఇంట్లో పూర్ణాలు, పులిహోర. ఎంగిలిపడటమే కదా అనుకున్నవి రాయనేలేదు. ఆ వెంటనే వినాయక చవితి. అంతకంటే పెద్దది ఇంకొకటి కనిపించింది. సరిగ్గా అప్పుడే బాబు పదో తరగతి ట్యూషన్ టైము మారింది. రాత్రి ఎనిమిదిన్నరకి అరండల్‌పేట వెళ్ళి తీసుకురావాలి. అప్పటి దాకా ఎనిమిదింటికల్లా తిని, మేడ మీద పావుగంట నడిచేదాన్ని. ఇప్పుడు తినేసరికి తొమ్మిదీ ముప్పావు, తినగానే పడక. తిన్న రెండు గంటలకి అంతకు ముందు 150, 160 ఉండే షుగరు ఇప్పుడు 190 దాటుతోంది. పుస్తకంలో నా చేతిరాతలోనే ఉంది. బరువు వరస తప్ప పక్క వరస నేను చూడలేదు.

నడుము జనవరిలో 98, ఆగస్టు మొదట్లో 93, ఇప్పుడూ 93.

ఇంకొకటి చెప్పాలి. మా అత్తయ్యగారికి ముద్దపప్పు, నెయ్యి, మెత్తని అన్నం ఉండాలి. పిల్లలకి దోసెలు. మా వారికి వేపుడు. నాకోసం విడిగా కూర వండుకోవటం చాన్నాళ్ళ కిందటే మానేశాను, ఓపిక లేక. పైన ఎవరూ వంట ఎవరు చేస్తారు అన్నది అడగలేదు. 850 క్యాలరీల సూపు తాగుతూ నలుగురికి పూర్ణాలు వేయించటం నావల్ల కాదు. ఎనిమిది నెలలు నేను నిలబడగలిగింది, ఇంట్లో వండిందే తింటూ, ముందు కూరా పప్పూ తిని అన్నం ఒక కప్పుకి తగ్గించటం వల్ల. నిదానం నేను కోరి ఎంచుకున్నది కాదు, ఈ ఇంట్లో సాధ్యమైంది అదే.

ఇదంతా మా వారికి చూపించాను. అంకెలు పక్కపక్కనే పెట్టి చూపిస్తే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. సోమవారం నుంచి ట్యూషన్‌కి తను వెళ్తానన్నారు.

బ్రాడీపేట నాలుగో లైను (గుంటూరు)

మా ఇంట్లో ఆ మాట అనిపించుకోవటానికి నాకు స్కూటీ మీద పడిపోవాల్సి వచ్చింది. చాలా సంతోషం అమ్మా. బండి తీసేటప్పుడు బ్యాగులో పంచదార పొట్లం ఒకటి వేసుకోండి.

డైటీషియన్, కొత్తపేట (గుంటూరు)

రాత్రి భోజనం ఎనిమిదికి మారగానే మరో రెండు వారాలు తిన్న తర్వాతి షుగరు కాస్త ఎక్కువసార్లు చూడండి. పరగడుపు 80ల్లోకి దిగుతుంటే ఆ పుస్తకం పట్టుకుని మీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి, గ్లిమిపిరైడ్ మోతాదు తగ్గించాల్సి రావచ్చు. మీ అంతట మీరు ఆపకండి.

పటమట వాకర్ (విజయవాడ)

వీలైనవాళ్ళు త్వరగా తగ్గాలన్న మాట నేను మార్చుకోను. మీ ఇంట్లో నలుగురికి వండేది మీరేనన్నది నాకు తట్టలేదు, మా ఇంట్లో నా సూపు కూడా మా ఆవిడే చేసిపెట్టింది. డిసెంబరులో హెచ్‌బిఎ1సి చేయించాక ఆ అంకె ఇక్కడ రాయండమ్మా, ఎదురుచూస్తుంటాను.