ల్యాప్ స్టీల్ మొదలుపెట్టాను, ఏ ట్యూనింగ్‌తో వెళ్లాలి?

అందరికీ నమస్కారం. ఈమధ్యే ఆరు తీగల పాత ల్యాప్ స్టీల్ (ఒళ్లో పడుకోబెట్టి, తీగల మీద బార్ అనే లోహపు కడ్డీ జార్చి వాయించే గిటార్) ఒకటి కొన్నాను. చిన్నప్పుడు కొంచెం వీణ నేర్చుకున్నాను కాబట్టి బార్ జార్చడం సరదాగానే ఉంది. ట్యూనింగ్ దగ్గరే తల తిరుగుతోంది.

ఇప్పుడున్నవి మామూలు గిటార్ తీగలే. ఓపెన్ డి (తీగలన్నీ ఖాళీగా మీటితే డి మేజర్ కార్డ్ పలికే ట్యూనింగ్) పెట్టాను: లావు తీగ నుంచి డి, ఏ, డి, ఎఫ్ షార్ప్, ఏ, డి. నాలుగు తీగలు వదులు చేస్తే సరిపోయింది, దేన్నీ బిగించక్కర్లేదు. స, ప చేతికింద ఉన్నట్టే ఉంటాయి. కానీ మైనర్ కార్డ్ వచ్చిన ప్రతిసారీ ఇరుక్కుపోతున్నాను.

నాకిష్టమైన హవాయి పాటలకు సి6 (సి, ఈ, జి, ఏ, సి, ఈ) మంచిదంటున్నారు. అందులో సి మేజర్, ఏ మైనర్ రెండూ ఒకే చోట దొరుకుతాయి కదా. ఆశపడి నాలుగో తీగను డి నుంచి జికి లాగాను, పుటుక్కుమంది! ఐదు స్వరస్థానాలు పైకి లాగితే తెగదా మరి, నా తెలివి.

సి6 కోసం వేరే మందాల తీగల సెట్ ఇప్పుడే కొనాలా? లేక చెయ్యి కుదిరేదాకా, ఓ ఆరు నెలలు ఓపెన్ డిలోనే ఉండనా? డోబ్రో (లోహపు కోన్‌తో మోగే గిటార్) వాళ్ల జి ట్యూనింగ్‌తో మొదలుపెట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా? తర్వాత సి6కి మారడం కష్టమైందా?