జానెత్, సోయను, తానిస్, సాన్... ఇవన్నీ ఒకే పేరేనా?

అందరికీ నమస్కారం. ఈజిప్టు చరిత్ర బాగా చదివినవాళ్లు ఎవరైనా ఉంటే కొంచెం చెప్పండి. మా అమ్మ బైబిల్లో సంఖ్యాకాండం 13వ అధ్యాయం చదువుతూ, హెబ్రోను ఐగుప్తులోని సోయను కంటే ఏడేళ్లు ముందు కట్టారని ఉంది, ఈ సోయను ఎక్కడరా అని అడిగింది. వెతికితే నైలు డెల్టాలో ఈశాన్య మూలన ఉన్న తానిస్ అని తేలింది.

పాత ఈజిప్టు భాషలో జానెత్, హీబ్రూలో సోయన్, గ్రీకులో తానిస్, ఇప్పుడు అరబీలో సాన్ అల్ హగర్, అంటే రాళ్ల సాన్ అట. మొదటి అక్షరం ఒకచోట జ, ఒకచోట స, ఇంకోచోట త ఎలా అయింది? దీనికి ఏదైనా నియమం ఉందా, లేక ఎవరికి వినపడినట్టు వాళ్లు రాసుకున్నారా?

ఇంకోటి. అక్కడ రామ్సెస్ అనే ఫరో (ఈజిప్టు రాజు) పేరు చెక్కిన రాళ్లు బోలెడు ఉండటంతో 1939లో రాజుల సమాధులు బయటపెట్టిన ఫ్రెంచి పురావస్తు పరిశోధకుడు పియెర్ మోంతే ఇదే పి-రామ్సెస్, అంటే ఆ రాజు రాజధాని, అనుకున్నాడట. తీరా చూస్తే అసలు ఊరు అదే డెల్టాలోని కంతీర్ దగ్గరుంది, నది పాయ పూడిపోయాక ఆ రాళ్లను ఇక్కడికి మోసుకొచ్చారట. అంతంత విగ్రహాలను పడవల మీద తెచ్చారా? (ఆ సమాధుల్లో దొరికిన సుసెన్నెస్ రాజు వెండి శవపేటిక ఫోటో చూశారా, నుదుటి మీద బంగారు పాముతో, అబ్బ!)

తేలిగ్గా అర్థమయ్యే పుస్తకం ఏదైనా ఉంటే అదీ చెప్పండి, అమ్మ రోజూ అడుగుతోంది.