పెంజీకటి కవ్వల: ఈ ‘తుది’ చోటుకా, కాలానికా?

తాటాకు:
నిన్న రాత్రి కరెంటు పోతే డాబా మీద పడుకున్నాం. మా అమ్మాయి ఏడో తరగతి. ఆకాశం చూస్తూ చూస్తూ, “నాన్నా, ఇదంతా ఎక్కడో ఒకచోట ఆగిపోవాలి కదా, అక్కడ గోడ ఉంటుందా?” అంది. నాకు వెంటనే పోతన భాగవతంలో గజేంద్రుడి పద్యం నోట్లోకి వచ్చింది. “పెంజీకటి కవ్వల” దాకా వచ్చి ఆగిపోయాను. చిన్నప్పుడు ఆ ‘కవ్వలు’ చీకట్లో ఎగిరే పిట్టలేవో అనుకునేవాణ్ణి (అసలు అది ‘పెంజీకటికి అవ్వల’, అంటే కటిక చీకటికి అవతల), ఆ బొమ్మ ఇంకా పోలేదు. నా సందేహం ఒక్కటే. ‘తెగిన తుది’ అన్నాడు కదా, ఆ తుది చోటుకా, కాలానికా? లోకాలన్నీ దాటుకుంటూ పోతే తగిలే అంచా, లేక అన్నీ నశించిన తర్వాతా?

అరసున్న:
పద్యం ముక్కలుగా పెడితే ఎలాగండీ. ఇదిగో:

లోకంబులు లోకేశులు
లోకస్థులు దెగిన తుది నలోకంబగు పెం
జీకటి కవ్వల నెవ్వం
డేకాకృతి వెలుగు నతని నే సేవింతున్

మీ ‘తుది’ సంగతి తర్వాత. మూడో పాదం చివర ‘నెవ్వం డేకాకృతి’యా, ‘నెవ్వఁడు నేకాకృతి’యా? రెండూ విన్నాను. అవతల ఉన్నది ఒక రూపమో, వెయ్యి రూపాలో ముందు తేలాలి.

మూలంచూడు:
ఎనిమిదో స్కంధం, మూడో అధ్యాయం. సంస్కృతంలో ‘కాలేన పంచత్వమితేషు’ అని మొదలవుతుంది. కాలేన! ఇంక చర్చ ఎందుకు? లోకాలూ పాలకులూ కాలం చేతిలో పోయాక మిగిలిన చీకటి అది.

తాటాకు:
అయ్యా, అదే శ్లోకం చివర ‘యస్తస్య పారే’ అని ఉంది. పారం అంటే ఒడ్డు, ఒడ్డు అంటే చోటే. పైగా పోతన ఆ ‘కాలేన’ని తెలుగులోకి తేలేదు. ‘అవ్వల’ని మాత్రం ఉంచుకున్నాడు. ఊరికే వదిలేసే మనిషా?

చుక్కలమ్మ:
నేను పాఠం చెప్పేది భౌతికశాస్త్రం, ఛందస్సు జోలికి రాను. కానీ ఆకాశం విషయంలో చోటునీ కాలాన్నీ విడదీయడం కుదరదు. వెలుగు మన దాకా రావడానికి ఏళ్లు పడుతుంది, కాబట్టి దూరం చూసేకొద్దీ పాతకాలం కనిపిస్తుంది. విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల ఏళ్లు. దానికి 3,80,000 ఏళ్లు నిండేదాకా వెలుగు అడుగడుగునా ఎలక్ట్రాన్లకు తగిలి చెదిరిపోయేది. ఆ తర్వాత బయటపడ్డ వెలుగే మనకందే అన్నిటికన్నా పాత వెలుగు. పెంజియాస్, విల్సన్ అనే శాస్త్రజ్ఞులు తమ ఆంటెన్నాలో ఎంత శుభ్రం చేసినా పోని గరగర అని 1965లో ప్రకటించింది దాన్నే. విశ్వం సాగుతూ ఉండటం వల్ల ఇప్పుడు ఆ వెలుగు బయల్దేరిన హద్దు మనకు 4,600 కోట్ల కాంతి సంవత్సరాల అవతల ఉంది. అది గోడ కాదు, మన చూపు మేర. అక్కడ ఉన్నవాడు ఇటు చూస్తే మనమే వాడి హద్దులో ఉంటాం.

అరసున్న:
పెంజీకటికి పెంజియాస్! ఏం కుదిరిందమ్మా.

చుక్కలమ్మ:
పోతనకి అన్నీ ముందే తెలుసనే లైను మాత్రం మొదలుపెట్టకండి, దండం పెడతాను.

మూలంచూడు:
తెలుసని కాదు గానీ, ‘అలోకం’ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. లోక ధాతువుకి చూడటమే అర్థం. కనబడేది లోకం, కనబడనిది అలోకం. భూమి చుట్టూ ఉంటుందనే చక్రవాళ పర్వతానికి అమరకోశంలో ఉన్న పేరు కూడా లోకాలోకమే: కొండకి ఇటు సూర్యుడి వెలుగు, అటు చీకటి. కాళిదాసు రఘువంశం మొదటి సర్గలో దిలీపుడు పిల్లల్లేని దిగులుతో తనను పోల్చుకున్నది ఆ కొండతోనే, సగం వెలుగు, సగం చీకటి అని.

ఒంటిమిట్టోణ్ణి:
అంత దూరం ఎందుకు సామీ, మా పోతన్న వామనుడు లేడా? మబ్బులు, చంద్రుడు, ధ్రువుడు, మహర్లోకం, సత్యలోకం, ఒక్కొక్కటీ దాటించి ‘బ్రహ్మాండాంత సంవర్ధి’ అన్నాడు. అంతం అక్కడ చోటే. బ్రహ్మాండం అంటే గుడ్డు, గుడ్డుకి పెంకు ఉండాల్సిందే.

మూలంచూడు:
‘మా’ పోతన్నా? పోతన తమ ఊరివాడనే బమ్మెర వాళ్లు చూస్తున్నారు, జాగ్రత్త.

ఒంటిమిట్టోణ్ణి:
చూడనీండి. కోదండరాముడు మా ఊళ్లో ఉన్నాడు.

అరసున్న:
ఊళ్ల గొడవ ఆపి నా అక్షరం చూడండి. ఎవ్వఁడు, ఏకాకృతి కలిస్తే ఉత్వసంధి తప్పదు, ‘ఎవ్వఁడేకాకృతి’ కావాలి. అరసున్నతో ఉంచితే మూడో పాదానికి ఒక మాత్ర తక్కువ. అందుకే నిండు సున్న చేసి ‘నెవ్వం’ అని నిలబెట్టాడు. ‘నెవ్వఁడు’ అని పాదం ముగించినా భగణమే, లోటు లేదు. యతి కూడా ఏ–ఏ కుదురుతుంది, నే–నే కుదురుతుంది. ఇదీ నా తంటా.

మూలంచూడు:
న, ఏక కలిస్తే ‘నైక’ అవుతుంది గానీ ‘నేక’ కాదు. మీ రెండో పాఠం అక్కడే పడిపోయింది.

అరసున్న:
నోటి పాఠానికి వృద్ధిసంధి తెలుసా మేష్టారూ?

తాటాకు:
చుక్కలమ్మగారూ, ఇంతకీ మా పిల్లకి ఏం చెప్పను?

చుక్కలమ్మ:
గోడ ఉన్నట్టు ఆధారం లేదని చెప్పండి. అంతే లేకుండా ఉండొచ్చు. లేదా అంతు ఉండీ అంచు లేకుండా ఉండొచ్చు, భూమి మీద ఎంత నడిచినా అంచు రానట్టు. రెంటిలో ఏదో ఇంకా తేలలేదు.

తాటాకు:
చెప్పాను. బత్తాయి పండు చేతికిచ్చి వేలితో తిప్పి చూడమన్నాను. తిప్పింది. “అంచు లేదు, సరే. మరి బత్తాయి నా చేతిలో ఉందిగా, ఇదంతా ఎవరి చేతిలో ఉంది?” అంది.

చుక్కలమ్మ:
బత్తాయితో వచ్చే చిక్కే అది. తొక్క మీద పాకే చీమకి చెయ్యి అక్కర్లేదు, అది తొక్క మీద గీతలు కొలిచి వంపు కనుక్కోగలదు. విశ్వం బయట ఇంకేదో ఉండి తీరాలని లెక్కల్లో ఎక్కడా లేదు. రేపు కాగితం మీద గీసి పంపుతాను.

అరసున్న:
పంపండి. ‘డే’యా ‘నే’యా మాత్రం ఎవరూ చెప్పలేదు.