స్కాన్ సంతకంతో ఉన్న అద్దె అగ్రిమెంట్ కోర్టులో నిలుస్తుందా?

హైదరాబాద్‌లో ఫ్లాట్‌కి 11 నెలల అగ్రిమెంట్ పీడీఎఫ్‌లోనే రాసుకున్నాం. ఓనర్ గారు అమెరికాలో ఉంటారు. ఆధార్‌కి లింకైన నంబర్ అక్కడ పనిచేయడం లేదని, తెల్ల కాగితం మీద సంతకం చేసి, ఫోటో తీసి, పీడీఎఫ్‌లో అతికించి మెయిల్ చేశారు. ఆ తర్వాత నేను ఆధార్ ఓటీపీతో ఈ-సైన్ చేశాను.

ఖాళీ చేసి రెండు నెలలైంది. 90,000 రూపాయల అడ్వాన్స్ అడిగితే, "నేను డిజిటల్ సంతకం చేయలేదు, ఆ అగ్రిమెంట్ చెల్లదు" అంటున్నారు. మాకది చిన్న మొత్తం కాదు, చాలా టెన్షన్‌గా ఉంది.

అడోబ్ రీడర్‌లో మొదట నా సంతకం దగ్గర, ఇంకా ధృవీకరణ కాలేదన్నట్టు, పసుపు ప్రశ్నార్థకం వచ్చింది. సీసీఏ ఇండియా (డిజిటల్ సంతకాల సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ) రూట్ సర్టిఫికెట్‌ని నమ్మదగినవాటిలో చేర్చాక పచ్చ టిక్ పడింది. ఆయన సంతకం మీద ఎన్నిసార్లు నొక్కినా ఏమీ రాదు, అది ఉత్త బొమ్మ. లీగల్ నోటీసు పంపినా జవాబు లేదు.

ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం, 2000 చదివాను. సెక్షన్ 5 చేతి సంతకంతో సమాన విలువ ఇచ్చేది చట్టం గుర్తించిన పద్ధతిలో చేసిన ఎలక్ట్రానిక్ సంతకానికే. ఆయనది అందులోకి రాదు. కానీ ఎలక్ట్రానిక్ రూపంలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని సెక్షన్ 10ఏ చెబుతోంది. "సంతకం పెట్టాను, చూసుకోండి" అన్న ఆయన మెయిల్, నెలనెలా అద్దె వేసిన బ్యాంకు స్టేట్‌మెంట్ నా దగ్గర ఉన్నాయి.

ఆ మెయిల్‌ని భారతీయ సాక్ష్య అధినియమ్, 2023 సెక్షన్ 63 సర్టిఫికెట్‌తో (ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా ఇచ్చేటప్పుడు జతచేసేది) దాఖలు చేస్తే, ఆ సంతకం ఆయనదేనని రుజువు చేయడానికి సరిపోతుందా?