వంగే రాడ్లతో ఉంగరాల జుట్టు: మన కోనసీమ తేమలో నిలుస్తుందా?

ప్రశ్న (అమలాపురం నుంచి):
వచ్చే నెల మా చెల్లెలి పెళ్ళికి, నడుము దాకా ఉన్న నా జుట్టును వేడి తగలకుండా ఉంగరాలు తిప్పుకోవాలని, లోపల తీగ, పైన స్పాంజి ఉండే వంగే రాడ్లు కొన్నాను. తలస్నానం చేసి తడి జుట్టుకే చుట్టుకొని పడుకుంటే, తెల్లవారి విప్పేసరికి లోపలి పాయలు చెమ్మగానే ఉండి, గుమ్మం దాటేలోపే ఉంగరాలన్నీ జారిపోయాయి. లోపం ఎక్కడుందో అనుభవమున్నవారు చెప్పగలరా?

జవాబు (భీమవరం నుంచి):
లోపం ఆ తడిలోనే ఉందండి. జుట్టులోని కెరాటిన్ అనే ప్రొటీన్‌ను పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు నీటితో విడిపోయి, ఆరేటప్పుడు జుట్టు ఏ వంపులో ఉంటే ఆ వంపులోనే మళ్ళీ కుదురుకుంటాయి కాబట్టి, రాడ్డు మీద ఉండగానే పాయ పూర్తిగా ఆరాలి. ముప్పావు వంతుకు పైగా ఆరనిచ్చి, చిటికెనవేలంత పాయలు తీసి, కొస నుంచి మాడు వైపు చుట్టి, రాడ్డు రెండు చివరలనూ వంచండి. కొసను నున్నగా పరచకపోతే అది గాలపు ముల్లులా వంకర తేలుతుంది.

జవాబు (రాజోలు నుంచి):
కొబ్బరినూనె ఎక్కువైనా పాయ నిలవదు. గాలిలోని తేమ కూడా అవే బంధాలను సడలిస్తుంది కనుక, కాలువ గట్టున వేసిన పందిట్లో సాయంత్రానికి ఉంగరాలు వదులవక తప్పదు. బయలుదేరే ముందు మాత్రమే రాడ్లు విప్పి, దువ్వెన పెట్టకుండా వేళ్ళతో విడదీయండి. ఇంత చేశాక మా అత్తయ్య జడ వేసి పూలు పెట్టేసింది, అది వేరే సంగతి.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలండి. ఈ ఆదివారం మధ్యాహ్నమే తలంటుకొని, సాయంత్రం చుట్టి చూస్తాను.