అమ్మ దగ్గర ఉండిపోయిన పక్కింటి గిన్నె: ఇన్నేళ్ల తర్వాత ఎలా తిరిగివ్వాలి?

హిల్‌కాలనీ_పాప

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక చేసుకుని చదవండి, నాకు నిజంగానే సలహా కావాలి.

అమ్మ గుంటూరులో ఒక్కతే ఉంటోంది. నాన్న పోయి మూడేళ్లయింది, అమ్మకు మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేకపోతోంది. ఇల్లు ఖాళీ చేసి హైదరాబాద్‌లో మా దగ్గరికి తెచ్చేసుకుందామని పోయిన వారం సామాన్లు సర్దడం మొదలుపెట్టాం. అటక మీది ఇత్తడి బిందెలు, రెండు ట్రంకు పెట్టెలు, నాన్న సైకిలు, అన్నీ తీసేస్తుంటే అమ్మ ఒక్క మాట అనలేదు. ఒక స్టీలు గిన్నె నేను తీసేసే సామాన్లలో పడేయబోతే మాత్రం చేతిలోంచి లాక్కుంది. "అది మనది కాదే, వదినది" అంది.

ఆ గిన్నె నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. అంచు కింద చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు, వి.ల. అని, పక్కన 12-5-79. ఏటా ఆవకాయ పెట్టేటప్పుడు అమ్మ ఉప్పు, కారం, ఆవపిండి మూడూ ఆ గిన్నెతోనే కొలిచేది, ఆ తర్వాత కడిగి తుడిచి పైన పెట్టేసేది, మళ్లీ వచ్చే ఏడాదే దించేది. చిన్నప్పుడు మేం దాన్ని విలగిన్నె అనేవాళ్లం. సోల, తవ్వ లాగా అదీ ఒక కొలత పేరనుకునేవాళ్లం.

అసలు సంగతి మొన్న చెప్పింది. నాన్న ఇరిగేషన్ డిపార్ట్‌మెంట్, మేం నాగార్జునసాగర్ హిల్ కాలనీ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. పక్క క్వార్టర్‌లో కరీంనగర్ వైపు వాళ్లు ఉండేవాళ్లు. మధ్యలో ఛాతీ ఎత్తు గోడ. ఆ గోడ మీద నుంచి రోజూ ఒక గిన్నె అటో ఇటో వెళ్లాల్సిందే. అమ్మ గోంగూర పంపితే ఆవిడ పచ్చిపులుసు పంపేది, సంక్రాంతికి మా అరిసెలు అటు వెళితే వాళ్ల సకినాలు ఇటొచ్చేవి, బతుకమ్మకు ఆవిడ నువ్వుల సద్ది, పెసర సద్ది కలిపి మాకో పెద్ద ముద్ద పెట్టేది. అమ్మ ఆవిడను వదినా అనేది, ఆవిడా అంతే. మేం అత్తమ్మ అనేవాళ్లం. ఒకసారి అమ్మ తొందరలో కడిగిన గిన్నె అలాగే ఇచ్చేస్తే "ఉత్త గిన్నె ఇయ్యద్దు వదినా, ఇంత చక్కెరన్న ఎయ్యి" అందట. అప్పటి నుంచి అమ్మ ఎవరికీ ఖాళీ గిన్నె ఇవ్వలేదు. కూకట్‌పల్లిలో మా పక్క ఫ్లాట్ వాళ్లకు కూడా.

1986 మే నెలలో వాళ్లకు పోచంపాడుకు ట్రాన్స్‌ఫర్ అయింది. వెళ్లే ముందు అత్తమ్మ బియ్యప్పిండితో సర్వప్ప చేసి ముక్కలు విరిచి ఈ గిన్నెలో పంపింది. అమ్మ సరిగ్గా ఆ రోజే ఆవకాయ కలిపింది. మూడో రోజు తిరగకలిపి, నూనె తేలాక కొత్తావకాయ నిండుగా పెట్టి ఇద్దామని గిన్నె కడిగి పక్కన పెట్టుకుంది. ఎండ ముదరకముందే వెళ్లాలని రెండో రోజు తెల్లవారుజామునే వాళ్ల లారీ కదిలిపోయింది. గిన్నె ఉండిపోయింది. మొదట్లో నాలుగైదు ఉత్తరాలు నడిచాయట, ఆ తర్వాత మేం గుంటూరు వచ్చేశాం, వాళ్లు మళ్లీ ఎక్కడికో మారారు, అంతే.

ఇప్పుడు అమ్మ ఒకటే మాట, "ఇల్లు మారేముందు ఎవరి సామాను వాళ్లకు ఇచ్చెయ్యాలి". నా దగ్గర ఉన్నది ఆవిడ పేరు, అంకుల్ పేరు, కరీంనగర్ జిల్లా అన్న ఒక్క ముక్క. ఆవిడకు ఇప్పుడు డెబ్బై ఎనిమిది దాకా ఉండొచ్చు. ఎలా వెతకాలి? ఇన్నేళ్ల తర్వాత ఒక గిన్నె పట్టుకుని వెళ్తే వాళ్ల పిల్లలు ఏమనుకుంటారో అని కూడా నాకు టెన్షన్‌గా ఉంది.

ఎగువ_గోదారి

అక్కా, మాది నిజామాబాద్ జిల్లా. మా నాన్న కూడా శ్రీరాంసాగర్‌లో, అంటే మీరన్న పోచంపాడు ప్రాజెక్టులోనే, చేసి రిటైర్ అయ్యాడు, అందుకే ఈ పోస్టు చూడగానే ఆగిపోయాను. నాగార్జునసాగర్‌లో పని తగ్గాక ఇటు వచ్చిన కుటుంబాలు చాలా ఉండేవి. చిన్నప్పుడు మా క్లాసులో సగం మంది "మేం సాగర్ నుంచి వచ్చాం" అనేవాళ్లే, 26 గేట్లూ ఒకేసారి ఎత్తితే తుంపర ఎంత దూరం వచ్చి పడేదో కథలు కథలుగా చెప్పేవాళ్లు.

ఆ క్వార్టర్స్‌లో వెతికితే ఇప్పుడు లాభం ఉండదు. పెన్షన్ దారిలో వెళ్లండి. అంకుల్ గవర్నమెంట్ ఉద్యోగి కాబట్టి ఆయనకు పెన్షన్, ఆయన లేకపోతే అత్తమ్మకు ఫ్యామిలీ పెన్షన్ వస్తూ ఉంటుంది. ఆఫీసులో అడిగితే వివరాలు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. కానీ జిల్లాల్లో, చాలా మండలాల్లో రిటైర్డ్ ఉద్యోగుల సంఘాలున్నాయి, వాటిలోని పెద్దవాళ్లకు ఎవరు ఏ డిపార్ట్‌మెంటో, ఏ ఊళ్లో స్థిరపడ్డారో నోటికొచ్చు. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే రోజుల్లో అందరూ అక్కడ కలుస్తారు. కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి మూడు చోట్లా అడగండి, మీరు చెప్పే కాలానికి అదంతా ఒకటే జిల్లా. మీ నంబర్ ఇచ్చి "ఆవిడకు ఇష్టమైతే ఫోన్ చేయమనండి" అని చెప్పిరండి, అది మర్యాదగా ఉంటుంది.

ఇంకోటి, ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో పేరు, భర్త పేరు, సుమారు వయసు, జిల్లా ఇచ్చి ఓటరు వివరాలు వెతకొచ్చు. తెలుగులో పేరు ఒక్కో చోట ఒక్కోలా పడి ఉంటుంది, నాలుగైదు రకాలుగా కొట్టి చూడండి. పూర్తి పేరు మాత్రం ఇక్కడ రాయకండి.

కాకినాడ_కోడలు

చదివి ఏడుపొచ్చింది అండి. పిల్లలు ఏమనుకుంటారో అని అస్సలు ఆలోచించకండి. మా అత్తగారు పోయాక ఆవిడ స్టీలు సామానంతా దించితే అందులో ఐదు గిన్నెల మీద ఐదు వేరే పేర్లు. ఎవరివో మాకు ఒక్కటీ తెలియలేదు. అడగడానికి ఆవిడ లేరు. మీ అమ్మగారు చెప్పగలిగే స్థితిలో ఉండగానే మీరు విన్నారు, అది చాలా పెద్ద సంగతి.

నేను చెప్పాలనుకున్నది వేరే. ఆ గిన్నె ఇచ్చేస్తే మీ ఇంటి ఆవకాయ కొలత పోతుంది! మీ అమ్మగారి చెయ్యి నలభై ఏళ్లుగా ఆ గిన్నెకు అలవాటు పడింది, ఎన్ని కాయలకు ఎన్ని గిన్నెలు అన్నదే ఆవిడ లెక్క, గ్రాములు అడిగితే చెప్పలేరు. ఇచ్చే ముందు ఆ గిన్నెతో అమ్మగారినే ఉప్పు కొలవమనండి, ఆవిడ అంచుకు సమానంగా తీస్తారో, గోపురంగా తీస్తారో చూడండి, తూకం వేసి రాసుకోండి. ఉప్పు, కారం, ఆవపిండి మూడూ విడివిడిగా వెయ్యండి, గిన్నె ఒకటే అయినా బరువు ఒకటి కాదు. ఆవపిండి, కారం కంటే ఉప్పు బాగా ఎక్కువ తూగుతుంది. మా అమ్మ కొలత ఇలాగే పోయింది నాకు. ఆవిడ వాడిన తవ్వ ఎవరో తీసుకెళ్లారు, పదిహేనేళ్లుగా పెడుతున్నాను, ఆ రుచి రాలేదు.

తూరుపోడు

కొంచెం కష్టమైన మాట చెబుతాను, ఏమీ అనుకోకండి. ముందు మీరొక్కరే ఫోన్ చేసి మాట్లాడండి. ఆవిడ ఉన్నారో లేదో, ఉంటే గుర్తుపట్టే స్థితిలో ఉన్నారో లేదో తెలుసుకున్నాకే అమ్మగారికి చెప్పండి. సర్‌ప్రైజ్ పేరుతో తీసుకెళ్లి గుమ్మంలో నిలబెట్టకండి, ఆ వయసులో తట్టుకోలేరు.

రెండోది, దొరికితే ఆలస్యం చెయ్యకండి. మా నాన్న ఫ్రెండ్ ఒకాయన విజయనగరంలో ఉండేవారు. నాన్న ఏడాదిగా "ఒకసారి తీసుకెళ్లరా" అంటూనే ఉన్నారు. నాకు సెలవు లేదు, వర్షాలు, దసరా, ఆడిట్. సంక్రాంతి తర్వాత తప్పకుండా అన్నాను. ఆ సంక్రాంతికే కబురొచ్చింది. తీసుకెళ్లాను, పదకొండో రోజుకి. నాన్న అక్కడ ఆయన కుర్చీ పక్కన కూర్చుని మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. తిరిగొచ్చేటప్పుడు కారులో కూడా నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది.

హిల్‌కాలనీ_పాప

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. పన్నెండు రోజుల తర్వాత వస్తున్నాను, చెప్పాల్సింది చాలా ఉంది.

దొరికారు! ఎగువ_గోదారి గారు చెప్పినట్టే జరిగింది. కరీంనగర్‌లో సంఘం పెద్దాయన ఒకరు అంకుల్ పేరు వినగానే "సాగర్‌ల చేసొచ్చినాయనేనా" అన్నారట మా వారితో. అంకుల్ పోయి చాలాకాలమైంది. అత్తమ్మ పెద్దకొడుకు దగ్గర జగిత్యాలలో ఉంటున్నారు. నా నంబర్ ఇచ్చి వచ్చిన మూడో రోజు ఆ అన్నయ్యే ఫోన్ చేశాడు. చెవి కొంచెం తక్కువ, మిగతా అంతా బాగానే ఉంది, మనుషులు బాగా గుర్తు, అన్నాడు. తూరుపోడు గారు, మీరు చెప్పినట్టు ముందు నేనే అన్నీ కనుక్కున్నాను, ఆ తర్వాతే అమ్మకు చెప్పాను. మీ నాన్నగారి సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

స్పీకర్ పెట్టి మాట్లాడించాం. "వదినే, మంచిగున్నవా" అని అటు నుంచి గట్టిగా వినిపించింది, చెవి తక్కువ కదా, అరుస్తున్నట్టే మాట్లాడుతున్నారు. అమ్మకు నోట మాట రాలేదు, తల ఊపుతోంది, ఫోన్‌లో కనిపిస్తుందన్నట్టు. కాసేపటికి తేరుకుని మొదట అన్నది "నీ గిన్నె నా దగ్గరుండిపోయింది వదినా" అని.

అత్తమ్మకు ఆ గిన్నె గుర్తే లేదు. "ఏ గిన్నెనో ఏమో, నాకు యాదికి లేదు" అన్నారు. అమ్మ మొహం చూసి నాకు ఒక్క క్షణం భయం వేసింది. అత్తమ్మ ఆగలేదు. వాళ్ల చిన్నోడికి రాత్రిపూట తేలు కుట్టిన సంగతి ఎత్తుకున్నారు. అంకుల్ క్యాంపులో ఉంటే, కాలనీలో కరెంటు లేకపోతే, అమ్మ నన్ను నాన్న చేతుల్లో పడేసి, ఆ పిల్లాణ్ని భుజాన వేసుకుని ఆసుపత్రి దాకా చీకట్లో పరుగెత్తిందట. అత్తమ్మ వెనకే లాంతరు పట్టుకుని వెళ్లారట. తెల్లవార్లూ ఇద్దరూ అక్కడే బల్ల మీద కూర్చున్నారు. "నీ కాళ్లకు చెప్పుల్లేవు వదినే, ఆ బండల మీద ఉరికినవు, పొద్దున చూస్తే నెత్తురు" అని ఆవిడ అంటుంటే అమ్మ "నాకు గుర్తు లేదు వదినా" అంటోంది. నలభై ఐదేళ్లొచ్చాయి నాకు, ఈ సంగతి మా ఇంట్లో ఎప్పుడూ వినలేదు. ఆ చిన్నోడికి ఇప్పుడు మనవరాలు పుట్టిందట.

కాకినాడ_కోడలు గారు, కొలత రాసుకున్నాం. అమ్మ గోపురంగా తీస్తుంది, ఉప్పు మాత్రం అంచుకు సమానం. నేను ఇన్నాళ్లూ మూడూ ఒకేలా అనుకున్నాను. మీరు చెప్పకపోతే ఈ ఒక్క ముక్క తెలిసేది కాదు. అమ్మ చేత కాగితం మీద రాయించి సంతకం కూడా పెట్టించాను.

ఇప్పుడు ఇంకో పంచాయితీ. అమ్మ కొత్తావకాయతోనే ఇస్తానంటోంది, "ఆ రోజు ఇద్దామనుకున్నది అదే" అని. ఇప్పుడు ఫిబ్రవరి. కాయ రావాలంటే ఏప్రిల్ చివర. తూరుపోడు గారి పోస్టు చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి జాడీ మూత తీసి, పోయినేడుది రంగు చూసి, ఒక ముక్క నోట్లో వేసుకుని, "బాగానే ఉంది, ఆదివారమే వెళ్దాం" అంది. మేలో కొత్తది పెట్టి మళ్లీ వెళ్తుందట, అప్పుడు వేరే డబ్బాలో.

ఒక్క డౌటు. ఆ గిన్నెకు మూత లేదు. హైదరాబాద్ నుంచి నాలుగు గంటల పైనే ప్రయాణం, నూనె ఒలకకుండా ఎలా?

కాకినాడ_కోడలు

ఎంత మంచి కబురు చెప్పారు! ముందుగా గిన్నెలో పెట్టి ఉంచకండి, ఉప్పూ పులుపూ కదా, స్టీలులో నిల్వ పనికిరాదు. శనివారం రాత్రి కూడా వద్దు. సీసాలో తీసుకెళ్లి, వాళ్ల వీధి మొదట్లో కారు ఆపి గిన్నెలోకి తీయండి. అమ్మగారు ఇంటి నుంచే గిన్నెలో పెట్టి తీసుకెళ్తానంటే ముప్పావు వంతుకే పెట్టండి, పైన లేత అరిటాకు ముక్క వేసి, పల్చటి గుడ్డ బిగించి కట్టి, చుట్టూ తువ్వాలు కుక్కిన డబ్బాలో నిలబెట్టండి. ఒక గరిటె నూనె తగ్గిస్తే ఇంకా మంచిది.

హిల్‌కాలనీ_పాప

అరిటాకు తెప్పిస్తాను అండి. నూనె తగ్గించే సంగతి, ముప్పావు సంగతి అమ్మకు చెప్పాను. గిన్నె నిండుగా ఉండాల్సిందేనంటోంది, దారంతా ఒళ్లో పెట్టుకుని తనే పట్టుకుంటుందట.